సుగ్గి అనే ఊరు ఎక్కడుంది?

ఇంట్లోంచి బయటికి వెళ్ళేవాడు "పోతాను" అనకూడదని మా నాయనమ్మ శాసనం. "వెళ్తాను" అన్నా ఒప్పుకొనేది కాదు. "వెళ్ళొస్తాను" అనాలి. చిన్నప్పుడు తొందరలో "పోతున్నా" అంటూ గుమ్మం దాటబోతే, జబ్బ పట్టుకొని లోపలికి లాగి, పీట మీద కూర్చోబెట్టి, మంచినీళ్ళు తాగించి, మాట దిద్దించి మరీ పంపించేది. ఆవిడ భయం ఆవిడది. తెలుగులో ఫలానావాడు "పోయాడు" అంటే ఏమిటో మీకు వేరే చెప్పనక్కర లేదు గదా!

ఆలోచించి చూస్తే మన భాషలో గుమ్మం దాటడానికున్న మాటల్లో ప్రతిదానికీ ఒక కథ ఉంది. "బయలుదేరడం"లోని బయలు ఊరి వెలుపలి ఖాళీ నేల. "బయట" అన్న మాట కూడా ఆ బయలు బిడ్డే. ఇక వెళ్ళడం, వెడలడం, వెలువడడం, వెలుపల - ఇవన్నీ "వెలి"కి చుట్టాలు. వెలి అంటే బయట. అంతవరకు బాగానే ఉంది. కాని ఆ వెలి నుంచే వెలివేయడమూ, వెలివాడా కూడా వచ్చాయి. తన ఇష్టం కొద్దీ బయటికి నడిచేవాడికీ, మెడబట్టి గెంటించుకొన్నవాడికీ మాట ఒకే ఇంట్లోంచి వచ్చిందన్నమాట.

ఈ సంగతులు నేను పుస్తకాలు తిరగేసి తెలుసుకొన్నవి. పుస్తకం అక్కర లేకుండా నాలుగో తరగతి పిల్లలు నాకు నేర్పిన మాట మరొకటి ఉంది. ఈ వ్యాసం దాని గురించే.

1981లో నాకు ఉపాధ్యాయుడి ఉద్యోగం వచ్చింది. మాది నరసరావుపేట దగ్గర పల్లెటూరు. నన్ను వేసింది కర్నూలు జిల్లా పడమటి కొసన, కోసిగి దగ్గర ఒక చిన్న బడికి. గుంతకల్లులో రాయచూరు వైపు పోయే బండెక్కి, ఆదోని దాటాక దిగాలి. దిగి చూస్తే ఎవరో పేర్చిపెట్టినట్టు బండరాళ్ళ గుట్టలు, వాటి మధ్య నల్లరేగడి చేలు. కొద్ది కోసుల్లో తుంగభద్ర. నది దాటితే రాయచూరు జిల్లా, కన్నడదేశం. ఊళ్ళో జనం తెలుగులో మొదలుపెట్టి కన్నడంలో తిట్టుకొని, మళ్ళీ తెలుగులో రాజీపడేవాళ్ళు. మొదటి నెల్లాళ్ళు నా తెలుగు వాళ్ళకీ, వాళ్ళ తెలుగు నాకూ సగమే అర్థమయ్యేది.

దీపావళి వెళ్ళిన కొన్నాళ్ళకు ఒకరోజు హాజరు పిలుస్తున్నాను. నాలుగు పేర్లు పిలిస్తే ముగ్గురు పలకలేదు.

"వీడేడిరా?"

"సుగ్గికి పోయిండాడు సార్."

"ఆ పిల్లో?"

"ఆ పాప గూడా సుగ్గికే సార్."

అలా పదకొండు మంది తేలారు. సుగ్గి అన్నది పక్క ఊరనీ, అక్కడేదో జాతర జరుగుతూ ఉంటుందనీ అనుకొన్నాను. ఆ పక్కనే ఉరుకుందలో ఈరన్న స్వామికి శ్రావణమాసంలో జనం విరగబడి వెళ్ళడం అప్పటికే చూశాను. ఇదీ అలాంటిదే కాబోలునని, "ఎంత దూరంరా ఆ సుగ్గి?" అని అడిగాను.

ముందు బల్లమీద కుర్రాడు లేచి చేతులు కట్టుకొని, "రెండు నెల్లు సార్" అన్నాడు.

దూరం అడిగితే కాలం చెబుతాడేమిటి వీడు అని విసుక్కొన్నాను. మధ్యాహ్నం విరామంలో గోడకున్న జిల్లా పటం దగ్గర నిలబడి సుగ్గి కోసం వెతుకుతూంటే, ఆదోనివాడైన మా తోటి ఉపాధ్యాయుడు వెనక నుంచి చూసి, నవ్వాపుకోలేక అన్నంగిన్నె కింద పెట్టేశాడు. "అది ఊరు కాదప్పా, పని" అన్నాడు. ఇక్కడ చేలు ఎండిపోయినప్పుడు, లేదా ఇక్కడి పని అయిపోయినప్పుడు, పంట ఉన్నచోటికి సంసారంతో సహా కోతపనికి పోవడాన్ని ఇక్కడివాళ్ళు సుగ్గికి పోవడం అంటారట. కుర్రాడు చెప్పిన జవాబు సరైనదేనని నాకప్పుడు బోధపడింది. సుగ్గికి మైళ్ళు ఉండవు, నెలలే ఉంటాయి.

ఈ మాట పుట్టిల్లు కన్నడం. కన్నడంలో సుగ్గి అంటే పంట చేతికొచ్చే కాలం. సంక్రాంతిని వాళ్ళు సుగ్గి హబ్బ అంటారు. ఆ రోజున నువ్వులూ బెల్లమూ పంచుకొని మంచిమాట చెప్పుకొంటారు. పైరు కోసిన సంబరంలో ఆడే ఆటను సుగ్గి కుణిత అంటారు. మంగళూరు వైపు తుళువారికి ఏడాదిలో రెండో వరిపంట పేరే సుగ్గి. ఎక్కడ చూసినా అది నిండుతనం చెప్పే మాటే. గాదె నిండడం, ఇల్లు నిండడం, ధాన్యం బయటినుంచి లోపలికి రావడం.

అలాంటి మాట నది దాటి కోసిగికి వచ్చేసరికి మనుషులు లోపలి నుంచి బయటికి పోవడం అయి కూర్చుంది! ఇదేం చోద్యం?

కన్నడ మాట కోసిగికి ఎలా వచ్చిందన్నది పెద్ద చిక్కుముడి కాదు. 1800లో నిజాం ఇంగ్లీషు కంపెనీకి ఒప్పజెప్పిన దత్తమండలాల్లో ఆదోని ప్రాంతం కూడా ఉంది. తర్వాత అది బళ్ళారి జిల్లాలో భాగంగా ఉండిపోయింది. 1953 అక్టోబరు 1న ఆంధ్ర రాష్ట్రం ఏర్పడ్డ రోజున బళ్ళారి జిల్లాను చీల్చి, ఆదోని, ఆలూరు తాలూకాలను కర్నూలు జిల్లాకూ, రాయదుర్గాన్ని అనంతపురానికీ కలిపారు. మిగతాది మైసూరుకు పోయింది. నిన్నటిదాకా ఒకే జిల్లాలో ఉన్న అన్నదమ్ములు ఆవేళ వేరువేరు రాష్ట్రాలవాళ్ళయ్యారు. కాగితాల మీద పొలిమేర గీశారు గాని, నోళ్ళలో ఉన్న మాటల మధ్య ఎవరు గీయగలరు?

మాట అర్థం ఎందుకు తిరగబడిందన్నదే అసలు ప్రశ్న. దానికి జవాబు నేను పటంలోనూ నిఘంటువులోనూ కాక, నా తప్పులోంచి తెలుసుకొన్నాను.

ఆ పదకొండు మందిలో ఒక పిల్ల ఉండేది. ఎక్కాలు గడగడా చెప్పేది. సుద్దముక్క కనిపిస్తే చాలు, బడి అరుగంతా తన పేరే రాసేది. ఆ పిల్ల రాలేదు. వారాలు గడిచాయి. రానివాళ్ళ పేర్లు పట్టీలో మోసుకురాకూడదని నాకెవరో చెప్పిన నియమం. కొత్త ఉద్యోగం, కొత్త భయం. ఒక సాయంకాలం కూర్చుని పదకొండు పేర్లూ ఎర్రసిరాతో కొట్టేశాను. బడి విడిచిన కారణం అన్న గడిలో ఏం రాయాలో కాసేపు ఆలోచించి, చక్కని తెలుగుమాట రాశాననుకొంటూ "వలస" అని రాశాను.

ఆ సంగతి ఎలా తెలిసిందో గాని, ఆ పిల్ల అవ్వ కర్ర పొడుచుకొంటూ బడికొచ్చింది. సుగ్గికి పోయినవాళ్ళు ముసలివాళ్ళను ఇంటికి కాపలా పెట్టి పోతారు. ఆ అవ్వ అలా కాపలా ఉన్నది.

"ఏమి అయివారూ, మా పాప పేరు తీసేస్తివంట?"

"ఊళ్ళో లేరు గదమ్మా. వలస పోయారని రాశాను."

ముసలావిడ ముఖం మాడిపోయింది. "వలస యాడ పోయినారు నాయినా? వలస పోయేదానికి మాకేం పుట్టింది? సుగ్గికి పోయిండారు. వలస పోయినోళ్ళు రారు. సుగ్గికి పోయినోళ్ళు వస్తారు. ఉగాదికి గింజలేసుకొని వస్తారు" అని కర్ర నేలకేసి కొట్టి చెప్పింది.

ఆ రెండు మాటలకూ అంత తేడా ఉందని నాకు తెలియదు. ఆ అవ్వకు తెలుసు. తర్వాత తీరికగా చూస్తే, నూట డెబ్భై ఏళ్ళ కిందటి బ్రౌనుదొర నిఘంటువు కూడా ఆవిడ పక్షానే సాక్ష్యం చెప్పింది. వలస అంటే శత్రుసైన్యానికి భయపడి ఇల్లూవాకిలీ వదిలి పారిపోవడమని ఆయన అర్థం రాశాడు. దండు వస్తోందంటే కుండాచట్టీ నెత్తిన పెట్టుకొని అడవులు పట్టిన జనం నోట పండిన మాట అది. తిరిగి వస్తామన్న ఊసు అందులో లేదు. విజయనగరం జిల్లాలో కొత్తవలస ఉంది, చింతలవలస ఉంది. ఆ ప్రాంతంలో వలస చివరనున్న ఊళ్ళు ఇంకెన్నో. ఎక్కడినుంచో వచ్చినవాళ్ళు అక్కడే నిలిచిపోయి ఊరు కట్టుకొన్నారని ఆ పేర్లే చెబుతున్నాయి. అవ్వ అన్నదీ అదే గదా - వలస పోయినోళ్ళు రారు.

అలా రానివాళ్ళను ఆ ప్రాంతం కళ్ళారా చూసింది. 1876లో వానలు మొహం చాటేశాయి. మనవాళ్ళు ధాత కరువు అని చెప్పుకొనేది దాన్నే. రెండేళ్ళు దంచింది. 1871 నుంచి 1881 దాకా పదేళ్ళలో బళ్ళారి జిల్లా జనాభా దాదాపు అయిదో వంతు, కర్నూలు జిల్లా జనాభా నాలుగో వంతు తగ్గిపోయింది. అందులో చచ్చిపోయినవాళ్ళెందరో, దేశాలు పట్టిపోయినవాళ్ళెందరో వేరుచేసి చెప్పడం కష్టం. మద్రాసునుంచి రాయచూరుకు రైలు పడింది 1871లో. అంటే కరువు నాటికి రైలుపట్టా ఉంది. బండి గింజలు తెచ్చింది, నిజమే. కాని గింజలు కొనే కాసులు కావద్దూ? కన్నడంలో ఇలా కరువుకు ఊరు ఖాళీ చేసి పోవడానికి గుళే పోవడం అని వేరే మాట ఉంది. ఆ మాట వింటేనే పెద్దవాళ్ళ గుండె ఝల్లుమంటుంది.

అందువల్ల కోసిగి పల్లెల జనం తమ ప్రయాణానికి వలస అని పేరు పెట్టుకోలేదు, గుళే అనీ పెట్టుకోలేదు. పండగ మాటను పెట్టుకొన్నారు. అలా ఎందుకయిందో నాకు తోచింది చెబుతాను. అప్పట్లో వాళ్ళు పోయేది నది అవతల వరి కోతలకు. తుంగభద్ర ఆనకట్టకు 1945లో పునాది వేశారు, 1953లో కాలవలకు నీళ్ళు వదిలారు. ఎడమ కాలవ కింద రాయచూరు జిల్లాలో సింధనూరు, గంగావతి వైపు వరి విరగపండింది. కోసిగి వైపుకూ దిగువ కాలవ అని ఒకటి వచ్చింది గాని, కాలవ చివర ఉన్నవాడి కష్టం మీకు తెలియందా! పైవాళ్ళు తాగగా మిగిలితేనే వాడికి. కాబట్టి నీళ్ళు రాకపోతే మనుషులే నీళ్ళున్న చోటికి నడిచారు. అక్కడ ఆసాములు "సుగ్గి వచ్చింది" అనుకొంటూంటే, ఇక్కడ కూలీలు "సుగ్గికి పోదాం" అనుకొన్నారు. కూలి గింజల్లో ఇచ్చేవాళ్ళు. సంచులు కుట్టుకొని, బండెక్కించుకొని ఇంటికి తెచ్చుకొనేవాళ్ళు. అంటే గాదె నిండడం అన్న పాత అర్థం ఎక్కడికీ పోలేదన్నమాట. కాకపోతే పరాయివాడి పొలం చుట్టూ తిరిగి వచ్చి నిండింది.

పై వేసవిలో, ఉగాదికి రెండు రోజుల ముందు, ఆ పిల్ల బడికొచ్చింది. చేతులు కొడవలి గాట్లతో గరుకుదేలి ఉన్నాయి. తన చోట్లో తాను కూర్చుంది. హాజరు పిలిచాను. తన పేరు వచ్చే చోట నేను తర్వాతి పేరు పిలిచేసరికి, ఆ పిల్ల ముందుగానే ఎత్తి పెట్టుకొన్న చెయ్యి అలాగే ఉండిపోయింది.

ఆ చెయ్యిని నేను ఇన్నేళ్ళు మరిచిపోలేకపోయాను. ఆ సాయంకాలం ఎర్రసిరా పైన నల్లసిరాతో పదకొండు పేర్లూ మళ్ళీ రాసుకొన్నాను. అందులో ఏడుగురు వచ్చారు. మిగతా నలుగురి చోట్లు ఖాళీగానే ఉండిపోయాయి. అవ్వ చెప్పిన మాట నిజమే గాని, అందరి విషయంలోనూ నిజం కాలేదు. ఆ సంగతి అవ్వతో అనే ధైర్యం నాకు లేకపోయింది.

తర్వాత నాకు బదిలీ అయింది. ఏళ్ళు గడిచి, పదవీ విరమణ చేసి సొంత ఊరు చేరాను. ఒకరోజు పొద్దున్నే మిరప చేలగట్టున నడుస్తూంటే ఎర్రటి పండుమిరప మడుల మధ్యనుంచి ఒక గొంతు వినపడింది. "ఓయ్, యాడికి పోతావుండావ్? ఈ సాలు అయిపోనీ!" అంతే, నా కాళ్ళు ఆగిపోయాయి. ఆ యాస నాకు తెలుసు.

"ఏ ఊరమ్మా మీది?"

"కోసిగి దగ్గర సార్. సుగ్గికి వచ్చినాం."

సుగ్గి ఎక్కడుందని నలభై ఏళ్ళ కిందట పటంలో వెతికానే, అది మా ఊరేనని ఆవేళ తెలిసింది! ఎవరికో సంసారం వదిలి పోవలసిన దూరం మాకు పెరటి చేను.

ఆ గట్టుమీద నిలబడితే నాకు మరో సంగతి తట్టింది. మా గుంటూరు ప్రాంతం ఎప్పుడూ ఇంత పచ్చగా లేదు. 1832-33లో, నందన సంవత్సరంలో వచ్చిన కరువును మావాళ్ళు డొక్కల కరువు అంటారు. అప్పటి జిల్లాలో సుమారు అయిదు లక్షల జనంలో రెండు లక్షల మంది దాకా పోయారని లెక్కకట్టారు. మద్రాసు దారి పొడుగునా జనం నడిచిపోతూ పడిపోయారట. ఆనాడు వలస పోయినవాళ్ళం మేమే. ఆ తర్వాత 1855 నాటికి బెజవాడ దగ్గర కృష్ణకు ఆనకట్ట వచ్చింది. డెల్టా బాగుపడింది. మా మెట్ట ఊళ్ళు మాత్రం ఇంకో నూరేళ్ళు ఆగాయి. 1955 డిసెంబరు 10న నెహ్రూ నాగార్జునసాగర్‌కు పునాదిరాయి వేశాడు. 1967 ఆగస్టులో ఇందిరాగాంధీ కాలవలకు నీళ్ళు వదిలింది. అప్పటికి నాకు పదేళ్ళు. కాలవలో మొదటి నీళ్ళు చూడడానికి ఊరు ఊరంతా గట్టుమీద నిలబడడం నాకు జ్ఞాపకం. ఆ నీళ్ళే లేకపోతే మా మిరపతోట లేదు. మా ఊరి జనం ఏ సుగ్గికి పోయి ఉండేవాళ్ళో!

కాబట్టి పోయేవాడూ, రప్పించుకొనేవాడూ అని జనంలో రెండు జాతులు లేవు. నీళ్ళు ఎటు మళ్ళితే మనుషులు అటు నడుస్తారు. ఇవాళ గట్టుమీద నిలబడ్డవాడి ముత్తాత నిన్న దారిలో నడిచినవాడే.

ఇప్పటి సుగ్గికి పాతరోజుల పోలిక తక్కువ. గింజల కూలి పోయి నగదు వచ్చింది. పత్తి తీతలనీ, మిరప కోతలనీ గుంటూరు, పల్నాడు వైపుకూ, తెలంగాణకూ వస్తారు. కొందరు బెంగళూరులో మేడలు కట్టే పనికి పోతారు. పిల్లల చదువు పోకుండా ఊళ్ళోనే ఉంచి చూసుకోవడానికి సీజనల్ హాస్టళ్ళు వచ్చాయి. ఉన్న ఊళ్ళోనే పని చూపించాలని ఉపాధి హామీ చట్టం వచ్చింది. దాన్ని 2006 ఫిబ్రవరి 2న మన అనంతపురం జిల్లా బండ్లపల్లిలోనే ప్రారంభించారు. ఇన్ని ఉన్నా సుగ్గి బండ్లు కదులుతూనే ఉన్నాయి. కోసిగి పల్లెల్లో తాళాలు పడుతూనే ఉన్నాయి.

పండగ పేరు పెట్టుకొన్నంత మాత్రాన కష్టం తీపి అయిపోదు. చేలగట్టున గుడారం వేసుకొని, పసిపిల్లను మిరపఘాటులో పడుకోబెట్టుకొన్న తల్లిని సుగ్గి అన్న మాట కాపాడదు. ఆ మాట చూసి, వాళ్ళు సంతోషంగానే పోతున్నారు గదా అని మనం నిద్రపోతే అది మన తప్పే. కాని ఆ మాట వాళ్ళెందుకు పట్టుకు వేలాడుతున్నారో మాత్రం నాకు తెలుసు. మా నాయనమ్మ "వెళ్ళొస్తాను" అనిపించిందే, అదే సంగతి. ఒక మనిషి గుమ్మం దగ్గర అనే మాటను అక్కడ ఊరు ఊరంతా కలిసి అంటుంది. పోతున్నాం గాని వస్తాం, మా పేరు కొట్టేయకండి అని.

ఆ మిరపచేలో నేను మరో ప్రశ్న కూడా అడిగాను. "పిల్లల్ని తెచ్చారా, బడిలో వదిలారా?"

"పెద్దది హాస్టల్లో ఉంది సార్. చిన్నోడు ఈడనే" అంది ఆమె, గట్టు మీద చెట్టునీడ చూపిస్తూ.

వాడు పుల్లతో మట్టిలో ఏదో గీస్తున్నాడు. దగ్గరికి వెళ్ళి చూశాను. అక్షరాలింకా కుదరలేదు గాని, వాడి పేరే. కొడవలి, తట్ట, గోనెసంచులు తొక్కేయకుండా చుట్టూ రాళ్ళు పేర్చుకొన్నాడు. నేను కూడా ఒక రాయి తెచ్చి పెట్టి, "వెళ్ళొస్తానురా" అని చెప్పి ఇంటికి వచ్చాను.